ఒకటికి ముందు

ఫిబ్రవరి 6, మంగళవారం

ఈ రోజు ల్యాబ్ మీటింగులో పొట్టి లేచి నిలబడి, నేను చదివిన జన్యువులో నా ఒకటో ముక్కకు ముందు ఇంకో ముక్క ఉందని చెప్పింది.

అందరి ముందూ. నాకు ముందుగా ఒక్క మాట చెప్పకుండా. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బాత్‌రూమ్ ముందు వంతు కోసం నిలబడతాం, పొద్దున ఒకే గొడుగు కింద బస్‌స్టాపుకి నడిచాం. దారంతా వాళ్ళన్నయ్య గురక గురించి మాట్లాడింది తప్ప ఈ ఊసే ఎత్తలేదు. తర్వాత అడిగితే, "నిన్న సాయంత్రమే చూశాను వదినా, నీకు సర్‌ప్రైజ్ ఇద్దామని" అంది.

ఇచ్చింది.

ఈ పిల్లను ల్యాబ్‌లో చేర్పించింది ఎవరు? నేనే. మేడమ్ చుట్టూ తిరిగి, మా ఆడపడుచు తెలివైనది, పని శుభ్రంగా చేస్తుంది అని బతిమాలి, నా పక్క బెంచీయే ఇప్పించాను. ఏరికోరి తెచ్చుకున్నాను. పేరుకే పొట్టి, నాకంటే జానెడు పొడుగు. నేను లేనప్పుడు నా స్టూలు మీద కూర్చుని దాన్ని పైకి లేపుతుంది. రోజూ పొద్దున ఆ స్టూలు కిందికి దించుకోవడంతోనే నా ఉద్యోగం మొదలవుతుంది.

నాకు అసూయేమీ లేదు. జరిగింది రాసి పెట్టుకుంటున్నాను, అంతే.

ఫిబ్రవరి 7

పదకొండు ముక్కలు. ఏడేళ్ళు. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బయటివాళ్ళు ఎవరొచ్చినా మేడమ్ నన్ను చూపించి, "ఈ జన్యువుని మొత్తం విప్పి పరిచింది ఈవిడే" అంటుంది. నిన్న వచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పలేదు. మర్చిపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

అత్తయ్య టీవీ కట్టేసి మరీ అడిగింది. "ఏమైందే మీ ఇద్దరికీ? ఒకళ్ళు గదిలోకి వస్తే ఇంకొకళ్ళు లేచి పోతున్నారు."

లేచి పోతున్నది నేనొక్కదాన్నే. పొట్టికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఉన్నదున్నట్టు వాళ్ళమ్మకు అంతా చెప్పేసింది. అదీ నా మాటల్లో!

పెళ్ళయిన కొత్తలో నా పని ఏమిటని అత్తయ్య అడిగితే నేను వెతికి పట్టుకున్న పోలిక అది. జన్యువంటే టీవీ సీరియల్ లాంటిది అత్తయ్యా, కాస్త కథ వస్తుంది, తర్వాత బోలెడు ప్రకటనలు, మళ్ళీ కాస్త కథ. మన ఒంట్లో కణం ప్రకటనలన్నీ కత్తిరించి పారేసి కథ ముక్కల్ని అతికించుకుంటుంది. కథ ఎక్కడ ఆగి ప్రకటన ఎక్కడ మొదలవుతుందో గుర్తులు పెట్టడం నా పని. కొందరి రక్తంలో ఆ ప్రకటనల మధ్య టేపు తెగుతుంది. తెగిన చోట వేరే సీరియల్ వచ్చి అతుక్కుంటుంది. ఈ ఇంటి కోడలు పోయి ఆ ఇంట్లో కాపురం చేస్తుంది. లుకేమియాలో ఒక రకం అలా మొదలవుతుంది. అంతా విని అత్తయ్య, "అయితే మీదాంట్లోనూ కథ కంటే ప్రకటనలే ఎక్కువన్నమాట" అని నవ్వింది. ఆ రోజే మా ఇద్దరికీ కుదిరింది.

ఇవాళ పొట్టి ఆ పోలికను తన సొంతం లాగా వాడేసుకుని, పైగా పొడిగించింది. "వదిన కథ మొదటి ముక్క నుంచి చూసిందమ్మా. దానికి ముందు టైటిల్ పాట ఉంది. అది నాకు కనిపించింది."

"టైటిల్ పాట లేకుండా సీరియల్ ఎక్కడైనా ఉంటుందా?" అంది అత్తయ్య, అదేదో తనకు ముందే తెలిసినట్టు.

మా ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తి, "శభాష్" అన్నారు. చెల్లెల్ని చూసి. లెక్కల మాస్టారు ఆయన, నూటికి నూరు తెచ్చుకున్నవాడికి కూడా ఆ మాట అంత తేలిగ్గా ఇవ్వరు. నా పదకొండో ముక్క దొరికిన రోజున "అయిపోయిందా, ఇంక త్వరగా ఇంటికి వస్తావా?" అన్నారు. నాకు బాగా గుర్తు.

ఫిబ్రవరి 13, మంగళవారం

మేడమ్ గదిలో ముగ్గురం. నా అభ్యంతరం చెప్పాను.

పొట్టి ముక్కలో అర్థం లేదు. ప్రోటీన్ తయారు చెయ్యమని చెప్పే అక్షరాలు నా ఒకటో ముక్కలో మొదలవుతాయి. అంతకు ముందు కనిపించింది చెత్త. శాంపిల్‌లో ఎక్కడినుంచో వేరే డీఎన్ఏ కలిసి ఉంటుంది. "చేతులు ఇంకా కుదరనివాళ్ళకు ఇలా జరుగుతూనే ఉంటుంది" అని కూడా అన్నాను. అప్పుడు పొట్టి తన చేతుల వైపు చూసుకుంది.

మేడమ్ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "ఇది ఒప్పుకుంటే నంబర్లన్నీ మారిపోతాయి. ఒకటి రెండవుతుంది, పదకొండు పన్నెండవుతుంది. ఆస్పత్రి వాళ్ళు రిపోర్టుల్లో మన నంబర్లే రాస్తున్నారు. సగం మంది పాతది, సగం మంది కొత్తది రాస్తే కొంప మునుగుతుంది."

"వదిన నంబర్లు మార్చక్కర్లేదు మేడమ్" అంది పొట్టి. "నాదాన్ని సున్నా అందాం. ఒకటి ఒకటిగానే ఉంటుంది."

ఈ పిల్ల మంచితనమే నాకు పడదు. పొగరుగా నంబర్లన్నీ మార్చాల్సిందే అని ఉంటే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. నా ఏడేళ్ళ పనిని నాకే దానం చేస్తున్నట్టు మాట్లాడింది.

"సున్నాలూ అవీ వద్దు" అన్నాను. "ఉంటే అది ఒకటి. లేకపోతే ఏమీ కాదు."

మేడమ్ నా మాట తీసెయ్యలేకపోయింది. పొట్టి ముక్కను ప్రస్తుతానికి పక్కన పెట్టారు. మే నెలలో పత్రికకు పంపే వ్యాసంలో నా పదకొండు ముక్కలే ఉంటాయి, నా పేరే ముందుంటుంది. జూన్‌లో ల్యాబ్‌లో పర్మనెంట్ పోస్టు ఒకటి వస్తోంది. కమిటీ వాళ్ళు చూసేది ముందున్న పేరునే.

ఫిబ్రవరి 14

బస్సులో కిటికీ సీటు నాకిచ్చింది. నేను కూర్చోలేదు. దిగేదాకా ఆ సీటు ఖాళీగానే ఉంది.

ఫిబ్రవరి 25, ఆదివారం

లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పి ల్యాబ్‌కి వెళ్ళాను. ఆదివారం పొద్దున అక్కడ ఫ్రిజ్‌ల మోత తప్ప ఇంకేమీ ఉండదు.

పొట్టి చేసింది తప్పని నోటితో చెప్పడం వేరు, గెల్ మీద చూపించడం వేరు. గెల్ అంటే డీఎన్ఏ ముక్కల్ని గీతలుగా చూపించే జెల్లీ పలక. ఎవరైనా అడిగితే చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. అందుకే తను చేసిందే మళ్ళీ చేశాను. తను ముట్టుకున్న సీసా ఒక్కటీ వాడలేదు. కొత్త నీళ్ళు, కొత్త ట్యూబులు, కొత్త చేతి తొడుగులు, కణాలు కూడా వేరేవి. ఆ ముక్క చెత్తే అయితే గెల్ మీద ఆ చోట ఏ గీతా రాకూడదు.

గీత వచ్చింది.

నా దాంట్లోనూ ఏదో కలిసి ఉంటుంది.

మార్చి 3, ఆదివారం

ఈసారి డీఎన్ఏ అన్నదాన్ని ముందే ఎంజైమ్‌తో నాశనం చేసి, కణం ప్రకటనలు తీసేసి అతికించుకున్న నకలైన ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే మిగిల్చి చేశాను. కలవడానికి ఇంకేం లేదు.

గీత వచ్చింది. కిందటిసారి కంటే స్పష్టంగా. యూవీ లైటు ఆపేసి మళ్ళీ వేసి చూశాను. ఉంది.

మార్చి 10, ఆదివారం

ఆ గీతను కోసి, అందులోని అక్షరాలు చదివించాను. పొట్టి ముక్క అయిపోగానే నా ఒకటో ముక్క మొదలవుతోంది. మధ్యలో కత్తిరించిన చోట ఏ అక్షరాలుండాలో అవే ఉన్నాయి. అతుకు తెలియనంత నున్నగా ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పటి జోకేదో గుర్తు చేసుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నన్ను కూడా నవ్వమన్నారు. ఎందుకో చెప్పండి, నవ్వుతానన్నాను. చెబితే నీకు అర్థం కాదులే అన్నారు ఆయన.

మార్చి 11

కారణం దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

ఏడేళ్ళ క్రితం నేను వాడిన ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏని చివరి నుంచి మొదటికి చదువుకుంటూ వస్తుంది. పాతరకం అది. మొదటిదాకా రాలేక దారిలో అలసిపోయి పడిపోతుంది. అది పడిపోయిన చోట నేను జెండా పాతి, జన్యువు ఇక్కడ మొదలని రాశాను. అర్థం మొదలయ్యేది కూడా ఆ చుట్టుపక్కలే కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. అర్థం మొదలైన చోటే అన్నీ మొదలవుతాయని అనుకున్నాను.

పొట్టి ఇప్పటి ఎంజైమ్ వాడింది. అంతే తేడా. తెలివి కాదు, ఎంజైమ్.

లేదు. తెలివే. కొత్త ఎంజైమ్ రెండేళ్ళుగా మా ఫ్రీజర్‌లో ఉంది. అది పోసి నా ఒకటో ముక్కకు ముందు ఏముందో చూద్దామని నాకు ఒక్కరోజూ తోచలేదు. ఆ పిల్ల వచ్చీ రాగానే తోచింది.

అసూయగా ఉంది. ఇదిగో, రాసేశాను. కడుపుమంట అని మాట వరసకు అంటారనుకునేదాన్ని. నిజంగానే మండుతుంది, ఎడమ పక్క, ఎముకల కింద. చల్లటి నీళ్ళు తాగినా తగ్గలేదు.

ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి చేసి చూడాలి.

మార్చి 15, శుక్రవారం

పొట్టిని వేరే పనికి మార్చారు. ఎవరిదో పాత జన్యువు, దుమ్ము పట్టి ఉన్నది. పక్క బెంచీ దగ్గర రోజూ కళ్ళు తుడుచుకుంటోంది, నేను చూడనట్టే ఉంటున్నాను.

సాయంత్రం బస్సులో అడిగింది. "నా చేతులే మంచివి కావేమో కదా వదినా?"

"అలవాటు కావాలి" అన్నాను.

"నీకు ఎన్నాళ్ళు పట్టింది?"

"అందరికీ ఒకేలా పట్టదు."

ఆ మాట ఓదార్పుగా కూడా తీసుకోవచ్చు. తను అలాగే తీసుకుంది. నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పొడుగు మనిషి కదా, మెడ వంకరగా వంచి. మా స్టాపు వచ్చేదాకా నేను కదల్లేదు. అది ప్రేమ అని ఇక్కడ రాసుకోను. ఆ కాసేపు నన్ను ఏమీ అడక్కుండా ఉంది, అంతే.

మార్చి 24, ఆదివారం

నాలుగోసారి. పొట్టి ముక్కలో పట్టుకోవడానికి ప్రత్యేకంగా ప్రైమర్ చేయించాను. ప్రైమర్ అంటే జన్యువులో ఫలానా చోట కొక్కెం లాగా తగులుకుని, చదవడం అక్కడ మొదలుపెట్టించే చిన్న ముక్క. అక్కడ తగిలించి, నా పదకొండో ముక్క దాకా ఏకబిగిన లాగి చూశాను. మొత్తం వచ్చింది, తల నుంచి తోక దాకా, ఒక్క చోట కూడా తెగకుండా.

ఇంత అందంగా ఉంటుందని అనుకోలేదు. నాది ఇన్నాళ్ళూ తల లేని బొమ్మ. దాన్నే పట్టుకుని ఊరంతా తిరిగాను. తల ఎక్కడుందో నాకు కనిపించాల్సింది. నాకే కనిపించాల్సింది.

అన్నీ ఒక డబ్బాలో పెట్టి, "పాతవి, పారెయ్యొద్దు" అని రాసి, వెనక ఫ్రీజర్ అడుగున పెట్టాను.

ఏప్రిల్ 4, గురువారం

ఆస్పత్రి నుంచి శాంపిల్ తెచ్చే మనిషి సెలవులో ఉన్నాడని నన్నే వెళ్ళమన్నారు. రక్తం డాక్టరమ్మ వార్డులోకి తీసుకెళ్ళింది. నేను మామూలుగా ట్యూబుల్నే చూస్తాను, మనుషుల్ని కాదు.

కిటికీ పక్క మంచం మీద ఒక దర్జీ. నన్ను చూడగానే ముందు నా కోటు చూశాడు.

"చంక దగ్గర కుట్టు ఊడిందమ్మా మీకు. చెయ్యెత్తితే ఇంకా చిరుగుతుంది. నా దగ్గర సూదీ దారం ఉంచనివ్వడం లేదు వీళ్ళు. గుచ్చుకుంటే రక్తం ఆగదంట."

ఆయన చేతుల నిండా నల్లటి మచ్చలు. ఊరికే మంచం పట్టెకు తగిలినా అలా కమిలిపోతుందట. భార్య పక్కన కూర్చుని, ఎవరో కుట్టుకోమని ఇచ్చిన గుడ్డను మడత పెట్టి విప్పి, మళ్ళీ మడత పెడుతోంది.

"మూడుసార్లు తీశారు రక్తం" అన్నాడు. "మూడుసార్లూ మీ దగ్గర ఏమీ లేదని రాసిచ్చారంట. ఏమీ లేకపోతే నేనిక్కడ ఎందుకున్నానమ్మా?"

బయట వరండాలో డాక్టరమ్మ చెప్పింది.

"మీ జన్యువులో విరుపు ఉన్నవాళ్ళకు మాత్రలున్నాయి, బాగా పనిచేస్తాయి. లేనివాళ్ళకు మామూలు మందులే, అవి చాలా గట్టివి. ఈయన వాటికి తట్టుకుంటాడని నాకు నమ్మకం లేదు. చూడబోతే అచ్చం మీ రకమే. కానీ మీ టెస్టు కాదంటోంది. సోమవారం ఏదో ఒకటి మొదలుపెట్టాలి. ఆఖరుసారి చూసి చెప్పండి."

మధ్యాహ్నం నా చేత్తో చేశాను. నా పదకొండు ముక్కల్లో ఎక్కడా విరుపు లేదు.

నా టెస్టు నా ఒకటో ముక్కలో కొక్కెం తగిలించి మొదలవుతుంది. టేపు అంతకంటే ముందే తెగి ఉంటే నా టెస్టుకు కనిపించదు. అక్కడ తగిలే ప్రైమర్ ప్రపంచంలో ఒక్క చోటే ఉంది, మా వెనక ఫ్రీజర్ అడుగున.

ఏప్రిల్ 5, శుక్రవారం

ఇవాళ ఏమీ చెయ్యలేదు. శాంపిల్ గడ్డకట్టించే ఉంది, పాడవదు. సోమవారానికి టైముంది. ముందు ల్యాబ్ బల్లలు శుభ్రం చేసుకున్నాను. చుక్కలు కొలిచే ప్లాస్టిక్ టిప్పుల డబ్బాలు సర్దాను. నాలుగు గంటలకే ఇంటికి వచ్చేశాను. పొట్టికి జలుబు చేస్తే నీళ్ళు కాచి ఇచ్చాను.

ఏప్రిల్ 6, శనివారం

పొద్దున్నే వెళ్ళి డబ్బా తీశాను.

గీత వచ్చింది. చిన్నది, కిందగా, ఉండకూడని చోట. కళ్ళు మూసుకుని తెరిచినా అక్కడే ఉంది. హడావుడిగా అక్షరాలు చదివించాను. పొట్టి ముక్క ఒక్కటే మాది. అది అవగానే నా ఒకటో ముక్క ఉండాల్సిన చోట వేరే క్రోమోజోమ్ మీద ఉండే జన్యువొకటి వచ్చి కూర్చుంది. ప్రోటీన్‌కు సంబంధించిన ఒక్క అక్షరం కూడా లేదని నేను చెత్త కింద కొట్టేసిన ముక్క, ఆ జన్యువును పట్టపగ్గాలు లేకుండా నడిపిస్తోంది.

ముందు డాక్టరమ్మకే ఫోన్ చేశాను. నోట్లోంచి ఏం వచ్చిందంటే, "టైటిల్ పాట మనదేనండీ, దాని వెనక నడుస్తున్నది వేరే సీరియల్." ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ సరిగ్గా చెప్పాను. విరుపు ఉంది, మా టెస్టు చూసే చోటుకి ముందు ఉంది, మాత్రలు మొదలుపెట్టండి. ఆవిడ, "రాసి పంపండి, ఇప్పుడే" అంది.

అప్పుడు మేడమ్‌ని పిలిచాను. మేడమ్ పొట్టిని ఇంటి నుంచి రప్పించింది. ముక్కు ఎర్రగా, చేతిలో రుమాలు. బల్ల మీద నా ఆదివారాలన్నీ పరిచాను. ఒక్కో గెల్ ఫొటో మీద తేదీ ఉంది.

"ఫిబ్రవరి నుంచి చేస్తున్నావా?" అంది మేడమ్. "నాకు చెప్పలేదేం?"

నేను నోరు తెరిచేలోపే పొట్టి నా మీద పడి వాటేసుకుంది. "వదినా! లైబ్రరీ అంటే ఇదా? నా కోసం ఆదివారాలన్నీ... అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట!"

మేడమ్ ఫొటోలు ఒకటొకటే వెలుతురుకి పెట్టి చూసింది. "ఈ పిల్ల చూపించింది పనికొచ్చే పని. నువ్వు చేసింది ఎవరూ కదిలించలేని పని. వ్యాసం మొత్తం మళ్ళీ రాద్దాం. ముందు పేరు నీదే ఉండటం న్యాయం. ఏమ్మా, నువ్వేమంటావు?"

"వదినదే మేడమ్. నేను రెండుసార్లు చేసి వదిలేశాను. నా మీద నాకే నమ్మకం పోయింది. వదినకే ఉంది."

ఆ క్షణం నేను ఊరుకుంటే చాలు. ఊరుకున్నాను.

ఇంట్లో పొట్టి జలుబు గొంతుతో అందరికీ చెప్పింది. అత్తయ్య నా వీపు నిమిరింది. ఆయన "శభాష్" అన్నారు. ఈసారి నన్ను చూసి. నాకు కావలసింది అదే కదా!

ఏప్రిల్ 7, ఆదివారం

లైబ్రరీకి వెళ్ళే పని లేదు. పొట్టి నా కోటు తెచ్చి చంక దగ్గర ఊడిన కుట్టు వేసిపెట్టింది. బాగా కుదరలేదు. ఇంకెవరైనా అయితే నవ్వేదాన్ని.

ఏప్రిల్ 8, సోమవారం

దర్జీకి మాత్రలు మొదలుపెట్టారు. డాక్టరమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది.

మేడమ్ వ్యాసం మొదటి పేజీ కొట్టి తెచ్చింది. నా పేరు, తర్వాత పొట్టి పేరు. పొట్టి నా భుజం మీదుగా వంగి చూసి, "ఎంత బాగుంది వదినా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పని చేసినదాన్ని, ఆ పిల్ల నాకు ఇస్తే తీసుకోవాలా? ఇదివరకు సున్నా ఇచ్చింది, ఇప్పుడు ముందు పేరు ఇస్తోంది. ఎప్పుడూ ఇచ్చే చెయ్యి దానిదే ఉండాలా?

"మేడమ్, నేను ఇది నిజమని చూపించడానికి చెయ్యలేదు" అన్నాను. "పొట్టి చేసింది తప్పని చూపించడానికి చేశాను. నాలుగుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు. మార్చి నుంచి తెలుసు నాకు. ఫ్రీజర్‌లో దాచాను. ఆ దర్జీ రాకపోతే ఇప్పటికీ అక్కడే ఉండేది. దీన్ని ముందు చూసింది పొట్టి. ముందు పేరు తనదే."

మేడమ్ నన్ను తిట్టలేదు. ఆ కాగితం తీసుకుని బోర్లా తిప్పి పెట్టింది. "పోస్టు సంగతి తెలుసు కదా నీకు?" అంది.

"తెలుసు."

శుక్రవారం సంగతి మాత్రం చెప్పలేదు. ఒక రోజు మొత్తం టిప్పుల డబ్బాలు సర్దుతూ కూర్చున్నానని ఎవరికి చెప్పను?

వెనక్కి తిరిగి చూస్తే పొట్టి లేదు. సాయంత్రం బస్సులో ముందు ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. మా సందులో కూడా పది అడుగులు ముందే నడిచింది. కాళ్ళు పొడుగు, నేను అందుకోలేను.

తిన్న తర్వాత గిన్నెలు కడగడం ఇవాళ మా ఇద్దరి వంతు. అత్తయ్యకు ఏదో తెలిసింది, టీవీ గొంతు పెంచింది. పొట్టి కడుగుతోంది, నేను తుడుస్తున్నాను. ఒకే పళ్ళాన్ని తిప్పి తిప్పి కడిగింది. నీళ్ళ వైపే చూస్తూ మాట్లాడింది.

"మొదటిసారి గీత వచ్చినప్పుడు ఏం చేశావు?"

"నమ్మలేదు. మళ్ళీ చేశాను."

"అప్పుడూ వచ్చిందా?"

"వచ్చింది. మళ్ళీ చేశాను."

"నేను రోజూ పక్కన కూర్చుని ఏడుస్తుంటే కూడా?"

"ఏడుస్తుంటే కూడా."

కుళాయి కట్టేసింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. జలుబు వల్ల అని ఎవరైనా అనుకోవచ్చు. మా ఇద్దరిలో ఎవరూ అలా అనుకోలేదు.

"ఒక్కసారైనా, ఇది నిజమైతే బాగుండునని అనుకున్నావా వదినా? నిజం చెప్పు. ఒక్క ఆదివారం, ఒక్క నిమిషం?"

అబద్ధం చెబితే అయిపోయేది. నాకు నోటి దాకా వచ్చింది కూడా.

"లేదు" అన్నాను. "ఒక్క నిమిషం కూడా లేదు. రాకూడదు, రాకూడదు అనుకుంటూనే ప్రతిసారీ లైటు వేశాను."

పొట్టి మోచేత్తో ముక్కు తుడుచుకుంది. నా వైపు తిరిగి, నేను ఎక్కడినుంచి వచ్చానా అన్నట్టు చూసింది.

"అయితే, నువ్వు రాకూడదనుకున్నా వచ్చిన ముక్కను ఇంకెవరూ కాదనలేరు వదినా" అంది.